ఇంజను చప్పుడు - నూనె చిక్కదనము

ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నడిపించి చూచి కొనుట మన రైతులకు పెద్దలనుండి వచ్చిన విద్య. అది ఒక పూఁట మేఁత మానినచో కారణ మరయక యెవ్వరును ఊరకుండరు. ట్రాక్టరు విషయమున నంతటి శ్రద్ధ మన కింకను అలవడవలసి యున్నది. “నూనె మార్చిన పిమ్మట ఇంజను మునుపటికంటె ఎక్కువ మ్రోగుచున్నది, మఱింత చిక్కని నూనె పోయవచ్చునా?” అని బొల్లారము చుట్టుపట్ల సభ్యులు పలువురు అడుగుచుందురు. కారణ మెఱుఁగక చిక్కని నూనె పోయుట, జ్వరము వచ్చినవానికి దుప్పటి కప్పి ఊరకుండుట వంటిది.

ఇంజనులో నినుము నినుముతో నొరయకుండ నడుమ సన్నని పొరగా నిలుచుట నూనె పని. మిక్కిలి పలుచనైనచో బరువు పడినపుడు ఆ పొర తెగును. మిక్కిలి చిక్కనైనచో ఇంజను కదలించిన తోడనే పైభాగమునకు చేరదు. ఆ కొన్ని క్షణములు పైనున్న భాగములు పొడిగా నొరసికొనును. చిక్కని నూనె పోసినపుడు ఒత్తిడి ముల్లు పైకి లేచుట చూచి సంతసింపరాదు. ఒత్తిడి హెచ్చినంతమాత్రమున నూనె పాఱుదల హెచ్చినట్లు కాదు.

డబ్బాపై నుండు అంకెల యర్థము తెలిసికొనుఁడు. ఈ తరగతులను అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము 1911లో మొదట ఏర్పఱచెను. 15డబ్ల్యు-40 అనుచో డబ్ల్యు అక్షరము శీతకాలమునకు గుర్తు. దాని ముందఱి యంకె చలిలోని నడకను, వెనుకటి యంకె 100 డిగ్రీల వేఁడిలోని చిక్కదనమును తెలుపును. కావున 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అను రెండును ఇంజను కాఁగిన పిమ్మట ఒకే తరగతివి. 20డబ్ల్యు నూనెకు చలిపరీక్ష సున్న డిగ్రీలకు 15 డిగ్రీలు దిగువను జరుగును. బొల్లారమున పుష్యమాసపు చలి యంతవఱకు పోదు. అయినను రెండింటిలో నేది పోయవలయునో తేల్చునది ఆ ట్రాక్టరుతో నిచ్చిన పుస్తకమే. గేరుపెట్టె నూనెపై నుండు 90 అంకె వేఱొక కొలమానము. దానిని జూచి ఇంజనులో పోయకుఁడు. ఏపీఐ గుర్తు ప్రక్కను ‘సి’తో మొదలగు తరగతి డీజిలు ఇంజనులకు, ‘ఎస్’తో మొదలగునది పెట్రోలు ఇంజనులకు.

ఇఁక చప్పుడును వినుట నేర్వవలయును. క్రొత్త ఫిల్టరు వేసిన వెంటనే కొన్ని క్షణములు మ్రోగి అణఁగినచో భయము లేదు. ఖాళీ ఫిల్టరు నిండుటకు పట్టిన కాల మది. చప్పుడు ఆగక, నూనె దీపము కూడ ఆరకున్నచో తత్క్షణమే ఇంజను నాపుఁడు. నూనె మట్టము చూడుఁడు. ఫిల్టరు పాత రబ్బరు చుట్టు అంటుకొనియుండఁగా దానిపై క్రొత్తది బిగించిరేమో చూడుఁడు. పైనుండి టిక్కుటిక్కుమను చప్పుడు ఎడతెగక వచ్చినచో టాపెట్ల సందు సరిచేయింపవలయును. దానిని నూనె మాన్పదు. దుక్కిలో బరువు పడినపుడు అడుగునుండి గుభగుభ మ్రోఁత వచ్చినచో బేరింగు లరిగినవేమో యని శంకించి పని నిలుపవలయును. అప్పుడు చిక్కని నూనె పోసినచో మ్రోఁత కొంత అణఁగవచ్చును, అరుగుదల మాత్రము ఆగదు. బేరింగులతో పోవలసిన ఖర్చు క్రాంకుషాఫ్టు దాఁక ప్రాఁకును. అదను కూడ తప్పును.

నూనె ఎక్కువైనను కీడే. క్రాంకు దానిని చిలికి నురుగు చేయును. నురుగు పొరగా నిలువదు. చదునైన నేలపై బండి నిలిపి, ఇంజను నాపిన కొన్ని నిమిషములకు కడ్డీతో కొలిచి, రెండు గీఁతల నడుమ నుండునట్లు చూచుకొనుఁడు.

తీసిన పాత నూనెను గట్టుపైనను, కాలువలోనను పాఱఁబోయకుఁడు. చెడిన నీటి కష్టము బొల్లారము, పటాన్‌చెరువు ప్రాంతమువారి కొకరు చెప్పవలసినది కాదు. కర్మాగారముల వ్యర్థజలములతో నక్కవాగు చెడిన సంగతి సుప్రీంకోర్టు దాఁక పోయినది. వాడిన నూనెను 2016 నాటి కేంద్ర నియమములు అపాయకరమైన వ్యర్థముగా నెంచినవి. డబ్బాలో కట్టి, అనుమతి గల సేకరణదారున కీయుఁడు.

చీటీ లేని పీపా నూనె ఎంత చవుకయైనను కొనవలదు. ఒకే తరగతి నూనె వాడు సభ్యులు కలసి మూఁతముద్ర గల డబ్బాలను సంఘము ద్వారా తెప్పించుకొనినచో ధరయు తగ్గును, కల్తీ భయమును తగ్గును. నూనె మార్చిన తేదిని, బండి నడచిన గంటలను, పోసిన తరగతిని ఒక పుస్తకమున వ్రాసియుంచుఁడు. మఱల చప్పుడు వచ్చిననాఁడు మిస్త్రీకి మొదట చూపవలసినది ఆ పుస్తకమే.