మూడు జెండాల ఓడ, తుక్కు దళం, 160 ఓడల బారు

బ్రిటన్ యుద్ధంలో దిగితే వేల మైళ్ల అవతలి డొమినియన్లు (సామ్రాజ్యంలోని స్వయంపాలిత దేశాలు) కదిలాయి. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఓడలు రెండు ప్రపంచ యుద్ధాల్లో నిలిపిన రికార్డులు చూడండి!

అతి ఖరీదైన కానుక: న్యూజిలాండ్ జనాభా అప్పటికి సుమారు 10 లక్షలు. బ్రిటన్‌కు ఇచ్చిన కానుక ఏకంగా ఒక యుద్ధనౌక! 1909లో మాట ఇచ్చి, అప్పు చేసి, దాదాపు 17 లక్షల పౌండ్లతో కట్టించారు. ‘న్యూజిలాండ్’ అనే ఆ నౌక పొడవు 180 మీటర్లు, అంటే నిలబెడితే తొమ్మిది తాటిచెట్లంత. 1916 మే 31న జర్మన్ నౌకాదళంతో జరిగిన జట్లాండ్ పోరులో దాని వెనకే వస్తున్న బ్రిటన్ యుద్ధనౌక ఇండిఫాటిగబుల్ పేలిపోయి వెయ్యిమందికి పైగా పోయారు. ‘న్యూజిలాండ్’కు తగిలిన గుండు ఒక్కటే, ప్రాణనష్టం సున్నా. అది పేల్చిన భారీ గుండ్లు 420, ఆ పోరులో మరే ఓడా అన్ని పేల్చలేదు. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలు 1913లో ఇచ్చిన నార నడుంకట్టును తొలి పోరుల్లో కెప్టెన్ యూనిఫాం మీదే కట్టుకున్నాడు. అదే తమకు రక్ష అని నావికుల నమ్మకం. ఓడ 1920ల్లోనే తుక్కు కింద పోయింది, అప్పు తీరేసరికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది.

అతి వేగంగా పెరిగిన దళం: కెనడాది. 1939లో 13 ఓడలు, 1945కల్లా 400కు పైనే!

అతి పెద్ద ఓడల బారు: 1944 జులైలో న్యూయార్క్ నుంచి బ్రిటన్‌కు బయలుదేరిన హెచ్‌ఎక్స్ 300 కాన్వాయ్. 160కి పైగా ఓడలు, 10 లక్షల టన్నుల సరుకు. గూడ్సు రైలుకు 4,000 టన్నుల చొప్పున 250 రైళ్ల బరువు! కాపలా ఎంత? ఏడంటే ఏడు చిన్న కెనడా నౌకలు. అందులో ఆరు కార్వెట్లు, ఒక్కోటి మూడు రైలు పెట్టెలంత పొడవు. దారిలో ఒక్క ఓడా మునగలేదు.

అతి ముసలి వీరులు: ఆస్ట్రేలియా డిస్ట్రాయర్లు ఐదు, అన్నీ మొదటి యుద్ధకాలం నాటివే. జర్మన్లు ‘తుక్కు దళం’ అని వెక్కిరించారు. 1941లో ముట్టడిలో ఉన్న లిబియా రేవు టోబ్రూక్‌కు చీకట్లో తిండి, మందుగుండు చేర్చి, గాయపడ్డవారిని ఎక్కించుకుని తెల్లారేలోగా బయటపడేవి.

అతి లోతైన విషాదం: ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ. 1941 నవంబరు 19న 645 మందితో మునిగింది, ఒక్కరూ బతకలేదు. 2008లో 2,468 మీటర్ల లోతున దొరికింది. 120 తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలిపినా నీటి పైకి తేలవు!

అతి చిన్న మొనగాడు: ‘బెంగాల్’. కట్టింది ఆస్ట్రేలియాలో, నడిపింది రాయల్ ఇండియన్ నేవీ. బరువు సుమారు 650 టన్నులు, చేతిలో ఒక చిన్న ఫిరంగి, 40 గుండ్లు. 1942 నవంబరు 11న డచ్చి చమురు ఓడ ఒండీనాకు తోడుగా వెళ్తుంటే హిందూ మహాసముద్రంలో రెండు జపాన్ ఓడలు ఎదురయ్యాయి. ఒక్కోటి 10,000 టన్నులకు పైనే. ‘బెంగాల్’ నేరుగా వాటి మీదికే పోయింది! ఆ పోరులో జపాన్ ఓడ హోకోకు మారు పేలి మునిగింది, ‘బెంగాల్’, ఒండీనా రెండూ తీరం చేరాయి. భారత్‌కు ఆస్ట్రేలియా కట్టిచ్చిన ఈ తరగతి నౌకలు నాలుగు, ఒకదాని పేరు ‘మద్రాస్’.

అన్నిటికన్నా ఎక్కువ జన్మలెత్తింది అకిలీస్. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికా తీరాన జర్మనీ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని తరిమిన మూడు క్రూయిజర్లలో ఒకటి, నావికుల్లో సగానికి పైగా న్యూజిలాండ్ వాళ్లు. ముందు బ్రిటన్ నౌక, తరవాత న్యూజిలాండ్‌ది, 1948లో మనది. పేరు ‘ఢిల్లీ’. 1956లో వచ్చిన ఇంగ్లీషు సినిమాలో అకిలీస్‌గా తన పాత్ర తనే వేసింది. 1978లో విడగొట్టారు. దాని ఫిరంగుల టరెట్ ఒకటి భారత్ కానుకగా న్యూజిలాండ్ చేరింది. అది ఇప్పుడు ఆక్లండ్ నౌకా స్థావరంలో ఉంది.