మీకు తెలుసా? గిన్నె దగ్గర కుక్క ఎందుకు గుర్రుమంటుంది?

కర్నూలు, కడప పల్లెల్లో సంగటి ముద్ద పెడితే నిమ్మళంగా తినే కుక్క, ఆదివారం మాంసం ఎముక దొరికితే ఇంటివాళ్లను చూసి కూడా గుర్రుమనవచ్చు. చాలాసార్లు అది పొగరు కాదు, దక్కింది పోతుందేమోనన్న భయం. ఒళ్లు బిగబట్టి, ఓరగా చూస్తూ గబగబా మింగడం తొలి గుర్తులు.

గుర్రుమన్నందుకు కొడితే గుర్రు ఆగొచ్చు, భయం ఆగదు. ఆ తర్వాత హెచ్చరించకుండానే కరిచే ప్రమాదముంది. ‘యజమాని ఎవరో తెలియాలి’ అంటూ తింటున్న గిన్నె లాక్కునే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ భయాన్ని ముదరబెట్టేది వాళ్లే.

ఈ భయం పోవాలంటే, కుక్క బిగుసుకోనంత దూరంలో ఆగి, సంగటికన్నా రుచైన ముక్కను (ఉప్పుకారం లేకుండా ఉడికించి ఎముక తీసిన కోడిమాంసం చాలు) గిన్నె వైపు విసిరి వెనక్కి వచ్చేయాలి. రోజూ ఇలాగే చేస్తూ మెల్లగా దగ్గరవ్వాలి. మనిషి అడుగుల చప్పుడు వింటే ఇంకో ముక్క వస్తుందని దానికి అలవాటవుతుంది. ఇలాంటి అలవాటును కుక్కల మీదే నిరూపించిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది, కాకపోతే అది జీర్ణక్రియ పరిశోధనకు!

గిన్నె దగ్గర గుర్రుమనే తీరు ఉన్నట్టుండి మొదలైతే నొప్పో, జబ్బో ఉండొచ్చు. పశువైద్యుడికి చూపించాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది.

తినే కుక్క దగ్గరికి చిన్నపిల్లల్ని పోనీయకూడదు. పన్ను దిగితే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా రేబీస్ టీకాకు ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం పూయొద్దు.