వేలు ముంచి చెప్పే వెన్న శాతము

మేడ్చల్, శామీర్‌పేట వైపు సంఘములకు తనిఖీకి వెళ్ళినప్పుడు మాకు తరచు వినిపించే మాట ఒకటున్నది. "సార్, ఇరవై ఏండ్ల సంది పాలు పోస్తున్న. వేలు ముంచి చూస్తే చాలు, వెన్న ఎంతుందో చెప్త." జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన రెండు మూడు బర్రెలను సాకుకునే వారి నోటా ఇదే మాట. వారు గొప్పకు చెప్పుట లేదు, నిజముగానే నమ్మి చెప్పుచున్నారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇరవై ఏండ్లలో ఆ అంచనాను పరీక్షతో సరిచూసుకున్న రోజులెన్ని అని అడిగితే జవాబు రాదు. అంచనా తప్పిన సంగతి తెలిసే వీలే లేదు. పైగా బిల్లులో వెన్న తక్కువ పడితే అనుమానము కార్యదర్శి మీదికి పోవును.

పరీక్ష చేసేవారిలోనూ ఇదే చూస్తాము. గెర్బర్ గొట్టములో 10 మి.లీ. గంధకామ్లము, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోయవలెను. కొలత తప్పి పోసినా గొట్టము ఏదో ఒక అంకె చూపుతూనే ఉండును. వెన్న కింద నల్లని నలుసులుంటే ఆమ్లము ఘాటు ఎక్కువైనదని, తెల్లని నలుసులుంటే పాలు పూర్తిగా కరగలేదని తెలిసినవాడు మళ్ళీ పరీక్ష చేయును. తెలియనివాడు ఆ అంకెనే పుస్తకములో ఎక్కించును. పని సరిగా చేయుటకు కావలసిన తెలివీ, సరిగా చేశామా లేదా అని పోల్చుకొనే తెలివీ ఒక్కటే. అది లేనివాడికి లేదన్న సంగతి ఎట్లా తెలియును?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో ఈ మాటే చెప్పినారు. హాస్యము, వ్యాకరణము, తర్కములలో విద్యార్థులకు పరీక్షలు పెట్టగా, అట్టడుగు పావు వంతు వారు నూటికి సగటున 12 మందిని మాత్రమే మించి, 62 మందిని మించామనుకున్నారు. అట్టివారికి తర్కములో కొంత శిక్షణ ఇచ్చిన తర్వాత, అంతకుముందు రాసిన పరీక్షకు తామే అంచనా తగ్గించుకున్నారు. ఈ లెక్కలో కొంత భాగము అంకెల గారడీయేనని తర్వాతి పరిశోధకులు వాదించినారు. అడుగున ఉన్నవారి అంచనా ఎటు తప్పినా ఎక్కువగా పైకే తప్పును గదా! ఆ అభ్యంతరములో బలమున్నది. అయినా శిక్షణతో చూపు మారినదన్నది మాత్రము మా అనుభవమునకు సరిపోవుచున్నది.

ఆ పరీక్షలలో పై వరుస వారు తమ స్థానమును తక్కువగా ఊహించుకున్నారు. తమకు సులువైనది అందరికీ సులువేనని అనుకొనుటే దానికి కారణము. ఇది మన సంఘములకు ఎక్కువ నష్టము. పొదుగు మీద చేయి వేసి పొదుగువాపును మొదటి రోజే పసిగట్టే ఆడవారున్నారు. బర్రెలలో తరచు వచ్చే మూగ ఎదను అరుపు లేకున్నా గుర్తించేవారున్నారు. ఒక ఎద తప్పితే సుమారు 21 రోజులు పోయినట్లే. అయినా సంఘ సమావేశములో అడిగితే "మాకేం తెలుసు సార్, మా ఆయన్ని అడుగుండ్రి" అందురు. కమిటీలో పేరు ఇమ్మంటే వెనుకకు జరుగుదురు. వేలు ముంచి చెప్పే పెద్దమనిషి మాత్రము ముందు కుర్చీలో కూర్చుండును.

పరీక్షకులకు మేము ఒక నోటు పుస్తకము పెట్టమని చెప్పుచున్నాము. పరీక్షకు ముందు అంచనా ఒక గడిలో, వచ్చిన అంకె పక్క గడిలో రాయవలెను. రోజుకు అయిదు నమూనాలు చాలును. అప్పుడప్పుడు ఒకే పాలను రెండు సీసాలలో వేరు వేరు నంబర్లతో పెట్టించండి. ఎలక్ట్రానిక్ యంత్రమున్న కేంద్రములు కూడా అప్పుడప్పుడు గెర్బర్ పరీక్షతో సరిచూడవలెను. సభ్యులు, ముఖ్యముగా ఆడవారు, ఎద గుర్తించిన తేదీని ఒక గడిలో, చూలు నిలిచినదీ లేనిదీ పక్క గడిలో రాయించవచ్చును. తనిఖీకి వచ్చినప్పుడు ఆ పుస్తకము చూతుము. అంచనా తప్పినందుకు ఎవరి మీదా రిపోర్టు రాయము.