పిల్లలకు చూపవలసిన దేశము

ఏటేట కార్తిక మాసము రాగానే మా కార్యాలయమునకు వచ్చు తలిదండ్రులు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు మాస్టారూ?" హైదరాబాదని యొకరు, పూరీ యని యొకరు, విశాఖపట్టణపు సముద్రతీరమే చాలునని మఱియొకరు సలహా చెప్పుదురు. ఆడపిల్లల తలిదండ్రులు కొందఱు ఏమియు చెప్పక, ప్రయాణమునాటికి బిడ్డకు జ్వరమని కబురంపుదురు. కావున ఈ విషయమున మా అభిప్రాయమును కొంత వివరముగ చెప్పదలచితిమి.

మనది అడవులు, కొండలు, మహానగరములు గల విశాల దేశము. దానినంతయు చూచుటకు ఒక జన్మము చాలదు. కాని యిట్టి దేశమున పుట్టిన బిడ్డ బడి విడుచులోపల తప్పక పొందవలసిన అనుభవములు కొన్ని కలవు. ఒక నది ఎక్కడికి పోవుచున్నదో కనుగొనుట, పెద్ద అడవిలో ఒక పూట గడపుట, నీరు విద్యుత్తగు చోటును చూచుట, సముద్రము ముందు నిలుచుట, తన భాష కాని భాష మాటలాడు ఊరిలో మెలగుట. ఈ కడపటిది కొట్పాడ్ లోని మన పిల్లలకు ప్రతిదినము జరుగుచునే యున్నది గనుక దానిని లెక్కింపవలదు. తక్కినవన్నియు మనకును విశాఖ సముద్రమునకును నడుమనే దొరకును.

మేమును మొదట పొరపాటు చేసితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట రెండు దినములలో తొమ్మిది చోట్లు చూపవలెనని పిల్లలను బస్సులో కుక్కి తీసికొనిపోయితిమి. ఘాటురోడ్డు మలుపులలో సగముమంది వాంతులు చేసికొనిరి. తిరిగి వచ్చిన పిమ్మట వ్యాసము వ్రాయుమనగా, ఇంచుమించు అందఱును అరకులో తిన్న మిరపకాయ బజ్జీలను గూర్చియే వ్రాసిరి. తప్పు పిల్లలది కాదు.

అటుపిమ్మట యాత్రను మన వీధిలోనే మొదలిడితిమి. కొట్పాడ్ నేతవస్త్రమునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ యూరి నేతగాడు శ్రీ గోవర్ధన్ పనికాగారికి 2018లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. అయినను విశాఖ వెళ్ళి వచ్చిన మా విద్యార్థులలో మిర్గానుల మగ్గము నెన్నడైన చూచితిరా యని యడుగగా ముగ్గురు మాత్రమే చేతులెత్తిరి! నూలును ఆముదము, పేడ, బూడిద నీటితో పలుమార్లు పదనుచేసి, తొగరు చెట్టు వేరుబెరడుతో ఎఱ్ఱరంగు వేయుదురు. అందు అన్నభేది చేర్చిన నలుపుదేరును. ఒక్కొక్కసారి ఈ రంగు పనికి వారములు పట్టును. రంగు వేయని నూలును, ఎఱ్ఱనూలును కలిపి పీత, శంఖము, చేప, గొడ్డలి మొదలగు రూపములను మగ్గముపైననే నేయుదురు. తెలుగులో తొగరు అన్న మాటకే ఎఱుపు అను అర్థము కలదని మేము చెప్పినప్పుడు పిల్లలు ఆ నూలును మఱల తాకి చూచిరి.

ఇక నదులు. మన ఊరికి ఉత్తరమున పాఱు ఇంద్రావతి జగదల్పూరు దాటి చిత్రకోట వద్ద జలపాతమై దూకును. వానకాలమున ఎఱ్ఱమట్టి నీటితో నిండి భయము గొల్పును; శీతకాలమున తేటపడి పాయలుగ చీలును. పిల్లలతో పోవువారు శీతకాలముననే పోవలెను. దక్షిణమున కొలాబు కలదు. గుప్తేశ్వరపు గుహ ఈ నదీతీరపు అడవిలోనిదే. కొలాబు దిగువకు పోయి శబరి యను పేర కూనవరము వద్ద గోదావరిలో కలియును. మాచ్‌ఖండు నది సీలేరను పేరు దాల్చి శబరిలో చేరును. ఇంద్రావతియు భద్రకాళి వద్ద గోదావరినే చేరును. అనగా మన చుట్టును పాఱు ఈ మూడు నదుల నీరును రాజమహేంద్రవరము మీదుగానే సముద్రమునకు పోవుచున్నది. పటముపై నీలిరంగు గీతను వ్రేలితో అనుసరించుచు పోయిన అయిదవ తరగతి బాలిక యొకతె, "అమ్మమ్మగారి ఊరు వచ్చేసిందండీ!" అని కేక వేసినది. ఆ నది చూపుటకు మాకు బస్సు అక్కఱ లేకపోయెను.

మాచ్‌ఖండు నదిపై డుడుమా జలపాతము సుమారు 175 మీటర్ల ఎత్తునుండి పడును. 1955లో ప్రారంభమైన విద్యుత్కేంద్రము ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సొత్తు. ఆఱు యంత్రములు, 120 మెగావాట్లు. విద్యుత్తుకై నీటిని మళ్ళింతురు గనుక ఎండకాలమున జలపాతము సన్నగిలును. విజ్ఞానశాస్త్ర పాఠము పది దినములు చెప్పిన దానికన్న ఇచట ఒక గంట నిలుచుట మేలని మా అనుభవము.

కొరాపుట్ జగన్నాథాలయమును, ఒడిశాలో కెల్ల ఎత్తయిన 1672 మీటర్ల దేవమాలి శిఖరమును పెద్ద తరగతులవారు చూడవచ్చును. వానిని గూర్చి ఇచట విస్తరింపము.

రైలుమార్గమును గూర్చి మాత్రము చెప్పక తీఱదు. బైలాడిలా ఇనుపఖనిజమును విశాఖ రేవునుండి జపానుకు పంపుటకై 1960 దశకమున వేసిన కొత్తవలస - కిరండోలు మార్గమిది. ఇందు 58 సొరంగములు కలవు. సిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. మేము పిల్లలను జయపురమున పగటిబండి ఎక్కించితిమి. సొరంగములను లెక్కింపుడనగా ఏ ఇద్దఱి లెక్కయు కలియలేదు. దారి పొడవునను స్టేషను పేర్లు ఒడియాలో నుండెను. పిల్లలు వానిని చకచక చదివిరి. అరకు వద్ద పలకపై తెలుగు అక్షరములు కనబడినవి. తరగతిలో పుస్తకము తెఱచినచో తల వంచుకొను నాలుగవ తరగతి బాలుడొకడు కిటికీలోనుండి "అరకు" అని బిగ్గఱగ చదివి, "మాస్టారూ, ఇక్కడ బోర్డులు కూడా మన బడిలాగే ఉన్నాయండీ!" అనెను. తన బడిలో తప్ప మఱెక్కడను ఆ లిపి లేదని వాడింతకాలము తలచుచుండెనని మాకు అప్పుడు తెలిసినది. తెలుగు చదివిన ప్రయోజనమేమని మమ్ము అడుగు తలిదండ్రులు ఆ బండిలో నుండవలసినది.

విశాఖలో సముద్రము సరే. ఆంధ్ర విశ్వవిద్యాలయమును గూడ చూపితిమి. 1926లో స్థాపింపబడిన ఆ సంస్థకు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చిన దాత జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు. ఒడియాలోను తెలుగులోను పండితులు. అందలి విజ్ఞాన కళాశాలకు వారి పేరే పెట్టిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీ వఱకు మన ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన పిమ్మట కొరాపుట్ అందు చేరినది. "మనం ఇక్కడివాళ్ళమా, అక్కడివాళ్ళమా?" అని పిల్లలడిగినచో ఈ రెండు సంగతులను చెప్పుడు. మేమట్లే చెప్పుచున్నాము.

ఈ సంవత్సరము ఆఱు, ఏడు తరగతులవారిని గుప్తేశ్వరమునకు మాత్రమే తీసికొనిపోవుచున్నాము. ఒక్కటే చోటు, ఒక్కటే దినము. నదిలోని రాళ్ళపై పాచి జారును గనుక ఎవరిని నీట దిగనీయము. రొక్కము పంపవలదు, ఒక నోటు పుస్తకము, పెన్సిలు, మధ్యాహ్నపు పులిహోర చాలును. ఆడపిల్లల వెంట ఉపాధ్యాయినులిద్దఱు వత్తురు. తల్లులలో ఎవరైన రాదలచినచో బస్సులో నాలుగు సీట్లు వారికై ఉంచితిమి. ముందు వరుసలోనివి, మలుపులలో కడుపు తిప్పనివి.