అతిథి గృహం – ఊటనీరు

తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు ఆ మాటకు అర్థం చెప్పారు. ఎప్పుడో ఒకరు వచ్చిన కాలంలో ఆతిథ్యం గృహస్థ ధర్మం. సెలవు దినాల్లో వందలమంది తరలివచ్చే నేడు అది పరిశ్రమ. అతిథి రెండు రోజులుండి వెళ్లిపోతాడు. అతడు వాడిన నీరు, పారేసిన సీసా, వదిలేసిన అన్నం అక్కడే మిగులుతాయి. వాటి సంగతి చూడవలసినవారు వంటవారు, వడ్డించేవారు, గదులు శుభ్రపరిచేవారు. వారికి పర్యావరణ శిక్షణ ఇవ్వాలనడానికి కారణం ఇదే.

2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట తూర్పు కనుమల నడుమ ఉన్న మండలం. సవరలు, జాతాపులు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు. మెట్టుగూడ జలపాతం, ఆడలి కొండమీది మేఘాల దృశ్యం యాత్రికులను ఆకర్షిస్తున్నాయి. కొండగూడేలలో చాలామందికి ఊటనీరే ఆధారం. పై గట్టున ఒక వసతి గృహంలో జరిగే పొరపాటు దిగువనున్న గూడెం బిందెలోకి చేరగలదు. పట్టణపు హోటలు ఉద్యోగికి తాను పారబోసిన నీరు ఎక్కడికి పోతుందో తెలియకపోవచ్చు. ఇక్కడ పనిచేసే సవర యువతికి మాత్రం ఆ దారి చిన్ననాటి నుంచి తెలుసు.

శిక్షణ వంటగదిలో మొదలవుతుంది. తడి చెత్తను, పొడి చెత్తను ఆదిలోనే వేరుచేయాలి. కలిసిన తరువాత విడదీయడం ఎవరివల్లా కాదు. ప్లాస్టిక్ పళ్లెాలు, గ్లాసులు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. మన్యానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. అడ్డాకు విస్తరి ఇక్కడివారు ఎప్పటినుంచో కుడుతున్నదే. తిని పారేస్తే అది ఎరువవుతుంది. దానికి పలుచని ప్లాస్టిక్ పొర అతికిస్తే ఆ గుణం పోతుంది.

నూనె విషయం ఇంతకంటే కష్టమైనది. పదేపదే కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు పెరుగుతాయి. అవి 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1 నుంచి నియమం అమలులోకి వచ్చింది. ఆ నూనెను వాగులో పోస్తే నీటిపై పొరగా పరుచుకొని గాలి సోకనివ్వదు. డబ్బాలో దాచి, జీవ ఇంధనం తయారుచేసేవారికి అప్పగించడం సరైన పద్ధతి. అయితే నూనె ఖరీదు లెక్కచూసే యజమాని శిక్షణకు రాకపోతే, వంటవాడు నేర్చుకున్నది పొయ్యి దగ్గరే ఆగిపోతుంది.

మరుగుదొడ్డి సంగతి చాలామంది మాట్లాడరు. శుభ్రతకోసం ఆమ్లం అధికంగా పోస్తే సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని కుళ్లింపజేసే సూక్ష్మజీవులు చస్తాయి. శుద్ధికాని మురుగు నేలలోకి ఇంకుతుంది. 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వచ్ఛతా గ్రీన్ లీఫ్ రేటింగ్ వసతి గృహాలలోని మలవ్యర్థాలు, ఘనవ్యర్థాలు, వాడిన నీటి నిర్వహణను పరిశీలించి గరిష్ఠంగా ఐదు ఆకుల గుర్తింపునిస్తుంది.

ఈ పాఠాలను ఏ భాషలో చెప్పాలి? పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవరలకు బడులు నడిపారు. నూరేళ్లు దాటినా ఆమ్లపు సీసామీది హెచ్చరిక సవరలో కనిపించదు. దానిని రోజూ తెరిచే మనిషికి ఎంత నీటిలో ఎంత కలపాలో ఆమె మాటలోనే చెప్పి, కలిపి చూపించాలి.