మగ్గం మారింది, కండెలు మారలేదు

పేరాల నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఉత్తరం రాశాడు. ఏడాదిపాటు కూడబెట్టి పాత కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. పాత కార్డుకంటే మూడు రెట్లు వేగమైనదని నాలుగుచోట్ల చదివి, ధ్రువపరచుకునే కొన్నాడు. తీరా బిగించి ఆట మొదలుపెడితే, సెకనుకి 40 ఫ్రేములు వచ్చేచోట 45 వచ్చాయట. 120 రావాలి కదా, కార్డు పాడైందా, నేనే మోసపోయానా అని అడిగాడు. ఉత్తరం చివర మాది నేత కుటుంబం అని ఒక్క మాట కలిపాడు. ఆ మాట చదివాక ఈ నెల ఇంకో ప్రశ్న ముట్టుకోబుద్ధి కాలేదు. అతను అడిగినదానికి జవాబు అతని ఇంట్లోనే ఉంది.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. తెరమీద ఆట అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ఆ పనిలో ఇద్దరున్నారు. మీట నొక్కారా, శత్రువు ఎటు కదిలాడు, గుండు ఎక్కడ తగిలింది, ఈ చూపులో ఏయే వస్తువులు కనిపిస్తాయి అని లెక్కగట్టి, వీటిని గియ్యి అని జాబితా ఇచ్చేది ప్రాసెసర్. ఆ జాబితా అందుకుని లక్షల చుక్కలకు రంగు వేసేది గ్రాఫిక్స్ కార్డు.

ఇప్పుడు పేరాలలో ఏదైనా నేత ఇంటికి వెళ్దాం. మగ్గం మీద ఒకరు నేస్తుంటారు. పక్కన రాట్నం దగ్గర ఇంకొకరు కండెలు చుడుతుంటారు. నాడెలో కండె అయిపోతే రెండోది సిద్ధంగా ఉండాలి. ఈ కండె నేస్తుండగానే వచ్చే కండె చుట్టడం జరిగిపోతుంటుంది. ఒకరి పని అయ్యేదాకా రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోరు. ఆటలో జరిగేదీ ఇదే. కార్డు పదో బొమ్మ గీస్తుండగా ప్రాసెసర్ పదకొండో బొమ్మకు జాబితా రాస్తుంటుంది.

మొత్తం కీలకం ఇక్కడే ఉంది. ఇద్దరూ ఏకకాలంలో పనిచేస్తున్నారు కాబట్టి ఫ్రేముకి పట్టే సమయం ఇద్దరి సమయాల కూడిక కాదు. ఇద్దరిలో ఎవరు ఆలస్యమో వారి సమయమే. మన విద్యార్థి అంకెలకు సరిపోయేలా ఒక లెక్క వేద్దాం. పాత కార్డు ఒక బొమ్మకు 25 మిల్లీసెకన్లు తీసుకునేది. ప్రాసెసర్‌కు 22 పట్టేది. పెద్దది 25, అంటే సెకనుకి 40 ఫ్రేములు. కొత్త కార్డు అదే పనిని 8.3 మిల్లీసెకన్లలో ముగిస్తుంది. ప్రాసెసర్ మాత్రం అదే 22. ఇప్పుడు పెద్దది 22, అంటే సెకనుకి 45 ఫ్రేములు. కార్డు పాడవలేదు, ఎవరూ మోసం చేయలేదు. నిన్నటిదాకా ప్రాసెసర్ 3 మిల్లీసెకన్లపాటు కార్డు కోసం ఎదురుచూసేది. నేడు కార్డు దాదాపు 14 మిల్లీసెకన్లు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. మగ్గం మారింది, కండెలు చుట్టే చెయ్యి మారలేదు.

దీన్నే బాటిల్‌నెక్ అంటారు. అది ఎప్పటికీ పోదు, ఒకచోటు నుంచి ఇంకోచోటికి జరుగుతుంది. ఈ సంగతిని లోకానికి మొదట బోధపరచింది కంప్యూటర్ కాదు, మగ్గమే. 1733లో ఇంగ్లండ్‌లో జాన్ కే, తాడు లాగితే చాలు ఈ అంచునుంచి ఆ అంచుకు పరుగెత్తే నాడెకు పేటెంట్ తీసుకున్నాడు. నేత ఎంత వేగమైందంటే వడికేవాళ్లు నూలు అందించలేకపోయారు. ఆ నూలు కరువులోంచి 1760లలో హార్‌గ్రీవ్స్ వడుకు యంత్రం జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటిచక్రపు వడుకు యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ వచ్చాయి. దాంతో నూలు కుప్పలు పడింది. ఈసారి నేసేవాళ్లు చాలలేదు. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం పుట్టింది. యాభై ఏళ్లలో అడ్డంకి మగ్గం నుంచి రాట్నానికి, రాట్నం నుంచి మళ్లీ మగ్గానికి నడిచింది.

మరి కండెలు చుట్టేవాళ్లను, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే కోర్లను, పెంచితే సరిపోదా? పెంచవచ్చు, కానీ ఆటలో కొన్ని పనులు వరసగానే జరగాలి. గుండు తగలందే గోడ కూలదు, గోడ కూలందే దాని వెనకున్నది కనపడదు. ఎన్ని కోర్లున్నా వరస పని వరస పనే. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే ఐబీఎం ఇంజినీరు నొక్కిచెప్పింది ఇదే: పనిలో పంచుకోలేని భాగం ఎంతుందో, మొత్తం వేగానికి హద్దు అంత. కాబట్టి ఆటకు కోర్ల లెక్కకంటే ఒక్కో కోరు చురుకుదనం ముఖ్యం. అక్కడే పెద్దపెద్దవాళ్లు బోల్తాపడ్డారు. పెంటియం 4 కుటుంబం 10 గిగాహెర్ట్‌జ్‌ను అందుకుంటుందని ఇంటెల్ ఆశించింది. 2004లో 3.8 దగ్గరే వేడి ఆపేసింది. ఆ తర్వాతే పరిశ్రమంతా కోర్ల సంఖ్య పెంచే దారి పట్టింది.

జాబితా రాసే పనిని పలు కోర్లకు పంచాలని 2013లో ఏఎండీ మాంటిల్ అనే గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్‌ను ప్రకటించింది. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వల్కన్ అదే బాటలో వచ్చాయి. అయినా కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ కూడా, ప్రాసెసర్ మీదే నడుస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డును పాత ప్రాసెసర్లతో జతచేసి పరీక్షించినప్పుడు, డ్రైవర్ భారం వల్ల కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోయింది. తక్కువ ధర కార్డు కొనేవాళ్ల దగ్గరే పాత ప్రాసెసర్లు ఎక్కువగా ఉంటాయి. దెబ్బ తగిలేదీ వాళ్లకే.

టాస్క్ మేనేజర్ చూసి పొరబడేవాళ్లు మరీ ఎక్కువ. ప్రాసెసర్ వాడకం 30 శాతమే ఉంది, కాబట్టి తప్పు దానిది కాదంటారు. ఒకేసారి ఎనిమిది పనివరసలు (త్రెడ్లు) నడిపే ప్రాసెసర్‌లో ఒక త్రెడ్ ఊపిరాడక పనిచేస్తూ మిగతా ఏడూ ఖాళీగా ఉంటే అక్కడ కనిపించేది 12.5 శాతమే. చూడాల్సింది కార్డు వాడకం. ఆట నడుస్తుండగా అది 95 దాటి ఉంటే కార్డు పూర్తిగా పనిచేస్తోంది. మన లెక్కలో అది 38 శాతం దగ్గర ఉంటుంది. ఈ ప్రాసెసర్‌కి ఈ కార్డు కలిపితే ఇంత శాతం బాటిల్‌నెక్ అని ఒకే అంకె చెప్పే లెక్కలనూ నమ్మకండి. ఆట మారినా, రిజల్యూషన్ మారినా ఆ అంకె మారిపోతుంది.

నేను అన్నిటికంటే ఇష్టపడే పరీక్షకు పైసా ఖర్చు లేదు. రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించండి. చుక్కలు దాదాపు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు తగ్గుతాయి. కార్డు పని తేలికైంది, ప్రాసెసర్ పని అలాగే ఉంది. అయినా ఫ్రేములు పెరగలేదంటే అడ్డంకి కార్డు కాదని తేలిపోయినట్టే. ఇదే సూత్రాన్ని తిప్పితే ఒక కానుక దొరుకుతుంది. కార్డు ఎలాగూ 14 మిల్లీసెకన్లు ఖాళీగా ఉంది కాబట్టి చిత్రనాణ్యత, నీడల స్పష్టత పెంచండి. దానికి తగ్గ మానిటర్ ఉంటే 2560×1440కి వెళ్లండి. చుక్కలతోపాటే పని పెరిగిందనుకున్నా కార్డుకు 15 మిల్లీసెకన్లలోపే పడుతుంది. 22 దాటలేదు కాబట్టి అవే 45 ఫ్రేములు, బొమ్మ మాత్రం కళ్లకు పండగ. 4కేకి వెళ్తే 33 అవుతుంది, అడ్డంకి మళ్లీ కార్డు దగ్గరకే వస్తుంది.

ఇక మామూలు తనిఖీలు. మానిటర్ వైరు మదర్‌బోర్డుకి కాకుండా కొత్త కార్డుకే పెట్టారా? మానిటర్ 60 హెర్ట్‌జ్‌ది అయితే అంతకు మించిన ఫ్రేములు కంటికి పూర్తిగా చేరవు. ర్యామ్ ఒకటే ముక్క ఉంటే రెండోది వేయండి. డీడీఆర్4-3200లో సెకనుకి 25.6 గిగాబైట్ల దారి 51.2 అవుతుంది, ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. పాత కార్డు డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. కార్డు, ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటున్నాయేమో చూడండి. ఇవన్నీ పది నిమిషాల పని. నా బాధల్లా ఒకటే. కార్డు అమ్మేముందు మీ ప్రాసెసర్ ఏదని అడిగే దుకాణం అరుదు. ఆ ఒక్క ప్రశ్న వేస్తే ఎందరో పిల్లల ఏడాది పొదుపు సరైనచోట ఖర్చయ్యేది.

తమ్ముడూ, నీ కార్డు మంచిదే, దాన్ని అమ్మకు. ముందు నీ మదర్‌బోర్డు మోడల్ చూసి, అందులో పట్టే మెరుగైన ప్రాసెసర్ ఏదో తెలుసుకో. సెకండ్ హ్యాండ్‌లో దొరికినా చాలు. అదే నీ ఇంటికి కావలసిన రెండో రాట్నం.