అత్తయ్య భయపడింది... లైసెన్సు వచ్చింది!

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, 'సీక్యూ... సీక్యూ...' అని పిలుస్తుంటే మా పనమ్మాయి మొదట్లో హడలిపోయింది. సీక్యూ అంటే 'ఎవరైనా వింటున్నారా, జవాబివ్వండి' అని. నేను హామ్‌ని. అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌ని!

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. 1996 నవంబర్ 6న కోనసీమను తుపాను ముంచెత్తినప్పుడు అమ్మ అక్కడ ఒంటరిగా ఉంది. నేనేమో హైదరాబాద్‌లో. ఫోన్లు పనిచెయ్యలేదు. నాలుగో రోజు ముక్కూమొహం తెలియని కుర్రాడు గుమ్మంలోకొచ్చి, "అమ్మగారు క్షేమం. కొబ్బరిచెట్టు పడి వంటిల్లు పోయింది, అంతే" అన్నాడు. హామ్ రేడియోలో వచ్చిన కబురట. ఏడుస్తూ నిలబడిపోయానేగానీ, అతనికి మంచినీళ్లయినా ఇవ్వలేదు.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, అండమాన్‌కి వెళ్లి ఉన్న హామ్ భారతీ ప్రసాద్ గారి బృందం అక్కడినుంచి కబుర్లు అందించిందని చదివాను. ఆవిడ చెయ్యగాలేనిది నేనెందుకు చెయ్యకూడదు అనిపించింది. పిల్లల చదువులయ్యాక 2012లో పుస్తకం పట్టాను.

"ఈ వయసులో పరీక్షలేంటి?" అన్నారు మావారు. పన్నెండేళ్లు నిండితే చాలు, పైన వయసుకు హద్దు లేదని చూపించాను!

పరీక్షలో రేడియో సిద్ధాంతం, నిబంధనలు రెండూ ఉంటాయి. ఓమ్ సూత్రం బుర్రకెక్కకపోతే ఇంట్లో నీళ్ల ట్యాంకును తలుచుకున్నా. వోల్టేజి నీళ్ల ఒత్తిడి, కరెంటు పైపులో పారే నీళ్లు, రెసిస్టెన్స్ మనం బిగించిన కుళాయి. అంతే! రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. నేను జనరల్ గ్రేడుకు కట్టాను కాబట్టి నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో మోర్స్ పంపాలి, అందుకోవాలి.

మొదటిసారి మోర్స్‌లో తప్పాను. ఒక్క అక్షరం జారిపోయిందని బెంగపడేలోపు నాలుగు వెళ్లిపోయాయి. పోయినదాన్ని వదిలెయ్యాలని అప్పుడు తెలిసింది. చుక్కలు, గీతలు బట్టీపట్టడం మానేసి చెవితో నేర్చుకున్నా. కూరలు తరుగుతూ 'ఎ'కి డిడా, 'ఎన్'కి డాడిట్... రెండోసారి గట్టెక్కాను.

తర్వాత విచారణకు పోలీసు ఇంటికొచ్చాడు. "రేడియోకి పోలీసులెందుకే, ఏం చేశావ్?" అని అత్తయ్య ఒకటే కంగారు! కొన్ని నెలలకు లైసెన్సు చేతికందింది.

2014 అక్టోబర్ 12న విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది. ఆ తర్వాత ఒక రాత్రి, అక్కడి హామ్ ఒకరు చదివిన పేర్లు రాసుకుని, ఇక్కడి బంధువులకు ఫోన్లు చేశాను. "మీ అమ్మగారు క్షేమం" అనగానే అవతల ఒకమ్మాయి భోరుమంది. నాకు మా గుమ్మం గుర్తొచ్చింది. ఆవేళ అత్తయ్యే కాఫీ కలిపి తెచ్చి, తెల్లారేదాకా పక్కన కూర్చుంది.

మీకూ నేర్చుకోవాలనుందా? హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. దేశవ్యాప్త సంఘం అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా. సభ్యులైతే అనుభవమున్నవాళ్ల సాయం దొరుకుతుంది, విదేశీ హామ్‌లతో క్యూఎస్ఎల్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవచ్చు. అయితే లైసెన్సిచ్చేది సంఘం కాదు, కేంద్ర టెలికాం శాఖ. దరఖాస్తు 'సరళ్ సంచార్' పోర్టల్‌లో పెట్టుకోవాలి. లైసెన్సు రాకుండా ట్రాన్స్‌మిట్ చెయ్యడం నేరం. వినడంతో మొదలుపెట్టండి.

అన్నట్టు, మా హామ్‌ల భాషలో ఆడవాళ్లందరూ 'వైఎల్', అంటే యంగ్ లేడీలే. డెబ్బై ఏళ్ల బామ్మయినా సరే!